చివరి కుళాయిలో పసుపు రంగు

పసిపిల్ల మళ్ళీ మొహం తిప్పేసింది. అయిదు నెలల పిల్ల. రొమ్ము దగ్గరికి తేగానే ఒళ్ళంతా వెనక్కి విరుచుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. కాశీరత్నం మూడోసారి ప్రయత్నించింది. ఈసారి పిల్ల కక్కింది. కక్కడానికి కడుపులో ఏమీ లేదు. పచ్చటి నురుగు తల్లి జాకెట్టు మీద పడింది.

"నా పాలు దానికి కంపు కొడుతున్నాయే," అంది కాశీరత్నం చెల్లెలితో. "నాకే కొడుతున్నాయి. దాన్ని అనుకుని ఏం లాభం?"

సత్యవేణి తువ్వాలు తడిపి అక్క జాకెట్టు తుడిచింది. ఆమెకు ఏ కంపూ రాలేదు. వెలగలదిబ్బ ప్రభుత్వాసుపత్రి వరండాలో కింద చాపల మీద పడి ఉన్న మూడు వందల మందిలో పాల వాసన పాలలాగే తెలుస్తున్నది ఆమె ఒక్కతెకే. ఎందుకంటే ఆమె నిన్న సాయంత్రమే విశాఖపట్నం నుంచి దిగింది. తన నీళ్ళు తనే తెచ్చుకుంది.

ఊరికి ఈ జబ్బు వచ్చి తొమ్మిది రోజులు. మొదట ఒక పెళ్ళి భోజనాల్లో బయటపడింది. అన్నం వడ్డించగానే నాలుగు వందల మంది ఒక్కసారి లేచి బయటికి పరిగెత్తారు. కుళ్ళిన మాంసం వండాడని వంటవాడిని చితకబాదారు. ఆ పూట వంటలో మాంసమే లేదు. మర్నాడు కాఫీ హోటళ్ళు మూతపడ్డాయి. ఆ పైరోజు బడిపిల్లలు మధ్యాహ్నం పళ్ళేల్లోనే కక్కారు. అటక మీద చచ్చిన పందికొక్కు వాసన అని కొందరు, చీము పట్టిన పుండు అని కొందరు చెప్పారు. అన్నం, పాలు, అరటిపండు, మల్లెపూలు, మొగుడి చొక్కా, పిల్లల నెత్తి, అన్నిటిదీ అదే వాసన. తిండి లోపలికి పోక నలుగురు ముసలివాళ్ళు చనిపోయారు. భార్యాభర్తలు వేరే గదుల్లో పడుకుంటున్నారు. ఇరవై వేల మంది ఉన్న ఊరు తనని తాను చూసి ముక్కు మూసుకుంటోంది.

డాక్టర్లు వైరస్ అన్నారు. నీళ్ళ మీద ఎవరికీ అనుమానం రాలేదు. కుళాయి నీళ్ళు ముట్టకుండా మినరల్ వాటర్ టిన్నులు కొనుక్కునే వాళ్ళకీ ఇదే జబ్బు వచ్చింది కదా అన్నది వాళ్ళ లెక్క. ఆ టిన్నుల్ని మునిసిపాలిటీ కనెక్షన్ నుంచే నింపుతారన్న సంగతి ఎవరికీ పట్టలేదు. సాయంత్రం నాలుగింటికి కలెక్టరు సమావేశం ఉంది. అందులో రెండు నిర్ణయాలు ఖాయం. ఒకటి, రేపటి నుంచి పాలు తాగే పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి వేరే వార్డులో పెట్టి ముక్కులో గొట్టం వేస్తారు. రెండు, వైరస్ చావాలని నీళ్ళలో కలిపే మందును రెట్టింపు చేస్తారు.

ఆ మందు పేరు నిర్గంధి. దాన్ని కనిపెట్టింది సత్యవేణే. రెట్టింపు మోతాదుకు సంతకం పెట్టడానికే ఆమెను పిలిపించారు.

"రేపు దీన్ని తీసుకుపోతారంట," అంది కాశీరత్నం. పిల్ల వీపు నిమురుతూనే మొహం పక్కకి తిప్పుకుంది. కన్నకూతురి నెత్తి వాసన ఆమె భరించలేకపోతోంది. ఆ తిప్పుకోవడం చెల్లెలు చూసిందని తెలిసి ఏడ్చింది.

సత్యవేణి లేచి నీళ్ళ ప్లాంటుకు బయల్దేరింది.

*

క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది. కానీ నీళ్ళలో కుళ్ళిన ఆకుతో, నాచుతో కలిసి తన పిల్లల్ని కూడా కంటుంది. ఆ పుట్టిన పదార్థాలు ఏళ్ళ తరబడి ఒంట్లో చేరి చెరుపు చేస్తాయి. పన్నెండేళ్ళు ఆ పిల్లల్ని పుట్టనివ్వని మందు కోసం వెతికి సత్యవేణి నిర్గంధిని తయారు చేసింది. క్రిమిని చంపి తనూ విరిగిపోతుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏడు నెలల కిందట మొదటిసారి దాన్ని వాడిన ఊరు వెలగలదిబ్బ. ఆమె అడిగి మరీ ఈ ఊరిని ఎంపిక చేయించుకుంది. ఇక్కడి నీళ్ళ ప్లాంటు ఇంజనీరు జోగేశ్వరరావు ఆమె బావ.

జోగేశ్వరరావు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. తొమ్మిది రోజుల్లో మనిషి సగమయ్యాడు. మూతికి తడిగుడ్డ కట్టుకున్నాడు.

"మీ అక్క నన్ను దగ్గరికి రానివ్వట్లేదే," అన్నాడు. "పెళ్ళైన కొత్తలో కూడా ఇంత కట్టడి లేదు."

ఆమె నవ్వలేదు. చెరువు చూపించమంది.

కాలువలు కట్టేసి ఇరవై రోజులైంది. వేసవంతా ఊరు తాగాల్సిన నీళ్ళు ఈ ముప్ఫై ఎకరాల చెరువులోనే ఉంటాయి. నీళ్ళు చిక్కటి పచ్చగా, పైన తెట్టు కట్టి ఉన్నాయి. మూడు వైపులా గట్టుకు ఆనుకుని రొయ్యల చెరువులు. కాలువ పారినన్నాళ్ళూ ఫర్వాలేదు. మంచినీళ్ళ మట్టం తగ్గేసరికి రొయ్యల చెరువుల ఉప్పునీరు గట్టు కిందనుంచి ఇటు ఊరుతుంది. సత్యవేణి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగానే ఉంది. ఆమె ఇంకోసారి ముంచి రుచి చూసింది. ఎందుకో అప్పటికి తెలియలేదు.

ఆఫీసులో రిజిస్టర్లు తిరగేసింది. నిర్గంధి మోతాదు సరిగానే ఉంది. పంపుల గంటలు సరిగానే ఉన్నాయి. చివరి కుళాయి రిజిస్టరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

ప్రతి ఊళ్ళోనూ ఆ రిజిస్టరు ఉంటుంది. పొద్దున్నే ఫిట్టరు సైకిలేసుకుని ఊరి చివరి కుళాయికి వెళ్ళి, చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేస్తాడు. పసుపు రంగు తేలితే క్లోరిన్ అక్కడిదాకా చేరిందని అర్థం. తేలకపోతే మెమో వస్తుంది. యాభై ఏళ్ళుగా ఇదే పద్ధతి. రిజిస్టరులో నిన్నటిదాకా ప్రతి రోజుకూ ఎదురుగా ఒకటే మాట ఉంది: పసుపు.

నిర్గంధికి పసుపు రంగు రాదు.

*

సంతపేట చివర, పశువుల కొట్టం గోడ పక్కన ఉంది ఆ కుళాయి. ఫిట్టరు పోలయ్య ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకోడానికి మొహమాటపడి, సైకిలు నడిపించుకుంటూ ఆమెతో పాటు నడిచాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. దారిపొడుగునా మురుగు కాలవల్లో పారబోసిన అన్నం ఉబ్బి తేలుతోంది. ఈగలు, కాకులు, కుక్కలు మాత్రం సుఖంగా ఉన్నాయి.

ఆమె గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసింది. నీళ్ళు పసుపెక్కాయి.

పోలయ్యను గట్టిగా అడగాల్సిన పని కూడా లేకపోయింది.

"బ్లీచింగు ఏత్తన్నామండి," అన్నాడు. "రెండు బత్తాలండి, రోజూ. మీ మందు మంచిదేనండి, కాదన్ను. దానికి పసుపు రాదు కదండీ. పసుపు రాకపోతే పైనుంచి మెమో ఇత్తారండి."

ఎవరు వేయమన్నారని అడిగింది. అతను సైకిలు బెల్లు మీద దుమ్ము తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"ఎవరూ సెప్పలేదండి. నేనే ఏసేనండి."

సత్యవేణి కుళాయి దగ్గరున్న గ్లాసు కడిగి, ఆ కుళాయి నీళ్ళే పట్టుకుని రెండు గ్లాసులు తాగింది. పోలయ్య చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు. నీళ్ళు ఉప్పగా, కాస్త చల్లగా ఉన్నాయి. అంతే.

ప్లాంటు ప్రయోగశాల అంటే ఒక బల్ల, ఒక సింకు, నాలుగు గాజు కుప్పెలు. మూడు కుప్పెల్లో ఆమె నిర్గంధి పోసింది. మొదటిదానిలో శుద్ధమైన నీళ్ళు, రెండోదానిలో శుద్ధమైన నీళ్ళూ బ్లీచింగూ, మూడోదానిలో చెరువు నీళ్ళూ బ్లీచింగూ. గంటకి మొదటి రెండూ తేటగానే ఉన్నాయి. మూడోది పైకి తేటగానే కనిపించింది కానీ, కుప్పె వంచితే గాజుకు లోపల చీమిడి లాంటి సన్నటి పొర అంటుకుని, నెమ్మదిగా కిందికి జారింది.

ఆ జారడం ఆమె ఇంతకుముందు చూసింది.

రెండేళ్ళ కిందట, విశాఖలో. శుద్ధమైన నీళ్ళు అయిపోతే తొందరలో హాస్టలు బోరునీళ్ళు వాడింది. సముద్రం పక్కన బోరు, ఉప్పునీళ్ళు. అటెండరు రాహేలు ఆ కుప్పెను బ్లీచింగుతో తోమి సరిగ్గా కడగలేదు. లోపల ఇలాంటి పొరే కట్టింది. దాన్ని కడిగిన రాహేలు మర్నాటి నుంచి అన్నం చూస్తే వాంతి చేసుకుంది. అందరూ కడుపుతో ఉందేమోనని వేళాకోళం చేశారు. యాభై రెండేళ్ళ ఆమెను. సత్యవేణీ నవ్వింది. నవ్వి, నోటుపుస్తకంలో ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి, 'కుప్పె అపరిశుభ్రం' అని రాసి వదిలేసింది. నాలుగు రోజుల్లో నిపుణుల కమిటీ ముందుకు వెళ్ళాలి. మళ్ళీ మొదటినుంచి చేయాలంటే ఏడాది పోతుంది. కమిటీకి పంపిన నివేదికలో ఆ పేజీ లేదు.

ఆమె రాహేలుకు ఫోను చేసింది. అప్పుడు ఎన్నాళ్ళకు తగ్గిందని అడిగింది. రాహేలుకు లెక్క బాగా గుర్తుంది. పదకొండో రోజు చేపల పులుసు తిన్నానని, దేవుడికి మొక్కు కూడా తీర్చానని చెప్పింది. ఇన్నాళ్ళకు అడిగినందుకు సంతోషపడింది.

పదకొండు రోజులు. ఈ నీళ్ళు మానితే చాలు, ఊరు బాగవుతుంది. పిల్లకు గొట్టం అక్కర్లేదు. అక్కకు మంచినీళ్ళు తెప్పించి తాగిస్తే పాలే శుభ్రపడతాయి. సత్యవేణి గుండె ఒక్క క్షణం తేలికైంది. అప్పుడు బయట కేకలు వినపడ్డాయి.

ఆవరణలో వంద మంది ఉన్నారు. బ్లీచింగు సంగతి ఎలాగో పాకిపోయింది. పోలయ్య నేల మీద ఉన్నాడు. తలపాగా ఊడిపోయింది. ఎవరో అతని నోట్లో మురుగు కాలవ అన్నం కుక్కుతున్నారు. కొడుతున్నవాళ్ళు మధ్యమధ్యలో ఆగి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్ళీ కొడుతున్నారు. పోలీసులు అతన్ని లాగి జీపులో పడేశారు. వాళ్ళకు ఫోను చేసింది జోగేశ్వరరావే. జీపు కదులుతుండగా పోలయ్య అతని వంక ఒకసారి చూశాడు. అడగడం కాదు, నిందా కాదు. చెప్పిన పని చేశానన్నట్టు చూశాడు.

*

వాసన ఆమెకు మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చింది.

మీటర్ల గదిలో బావ కోసం చూస్తూ చెమట పట్టిందని మొహం తుడుచుకుంది. తన అరచేతిలో ఏదో చచ్చింది. అటూ ఇటూ చూసింది. చెయ్యి దూరంగా పెడితే తగ్గింది, దగ్గరికి తెస్తే గొంతులోకి దిగింది. నోట్లో ఊరుతున్న ఉమ్మి కూడా అదే. మింగలేక కిటికీలోంచి ఉమ్మింది, మళ్ళీ ఊరింది. తన ఒంట్లోంచి బయటికి పరిగెత్తే దారి లేదని అప్పుడు తెలిసింది. అయిదు నెలల పిల్ల తొమ్మిది రోజులుగా ఇందులో ఉంది. మాటలు రాని పిల్లకు ఇది జబ్బని చెప్పేదెవరు? అమ్మంటేనే ఇంత అనుకుంటుంది.

జోగేశ్వరరావు వచ్చి ఆమె మొహం చూసి తన తడిగుడ్డ విప్పి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"పోలయ్య ఒళ్ళు దాచుకునే మనిషి బావా. ఎవరూ చెప్పకుండా రోజుకు రెండు బస్తాలు మోసుకెళ్ళి వేస్తాడా?"

"వెయ్యడు," అన్నాడు.

"నువ్వే వేయించావు."

"అవును." కుర్చీలో కూలబడ్డాడు. "నిన్ను అడిగే వేయించాను సత్యా."

ఆమెకు అర్థం కాలేదు. అతను గుర్తుచేశాడు. ఏడు నెలల కిందట, కాశీరత్నం సీమంతం రోజు. పేరంటాళ్ళు పాట అందుకున్నారు. సత్యవేణి అక్క చేతికి గాజులు ఎక్కిస్తోంది. అతను వెనకనుంచి వంగి చెవిలో అడిగాడు: నీ మందుకి పసుపు రావట్లేదు, మూడు మెమోలొచ్చాయి, పరీక్ష మార్చమని హెడ్డాఫీసుకు రాయనా, లేక ఇంత బ్లీచింగు వేయించనా?

"నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుకొచ్చింది. గాజుల చప్పుడుతో సహా వచ్చింది. పరీక్ష మార్చాలని రాస్తే ఫైలు ఆరు నెలలు తిరుగుతుంది. అన్నాళ్ళూ నిర్గంధి ఆగిపోతుంది. కుప్పెలోని పొర కూడా అప్పుడు ఒక్క రెప్పపాటు ఆమె కళ్ళ ముందు ఆడింది. ఇక్కడ కాలువ తియ్యటి నీళ్ళేగా అనుకుని ఊరుకుంది. తలైనా తిప్పకుండా చెప్పింది. కొంచెం వేస్తే ఏం కాదులే బావా. కాగితం మీద మాత్రం రాయకు.

"నేను రాయలేదు," అన్నాడు జోగేశ్వరరావు. "ఇప్పుడూ రాయను. ఇందాకే బ్లీచింగు ఆపించేశాను. లారీల మీద బయట ఊరి నీళ్ళు తెప్పిస్తున్నాను. నువ్వు ఇందాక చెప్పిన లెక్క ప్రకారం పది పన్నెండు రోజుల్లో అందరూ బాగవుతారు కదా? పోలయ్య నాలుగు రోజులు లోపలుంటాడు. వాణ్ణి నేను చూసుకుంటాను. నీ పేరు పోయిందనుకో, నీ పన్నెండేళ్ళూ పోతాయి. మీ అక్కకి ఏమని చెప్పను? నీ బిడ్డ నోట్లో ఇది పెట్టింది నీ చెల్లెలని చెప్పనా?"

అతను బతిమాలుతున్నాడు. తనకోసం కాదు. అది సత్యవేణికి అన్నిటికన్నా అసహ్యంగా అనిపించింది, ఎందుకంటే ఆమె మనసు అప్పటికే ఒప్పుకోవడం మొదలుపెట్టింది. అతను చెప్పినదాన్లో అబద్ధం లేదు. ఊరు బాగవుతుంది. నలుగురు ముసలివాళ్ళు ఎలాగూ తిరిగిరారు. కుప్పె పేజీ చూసినవాళ్ళు లేరు. చేతులు కడుక్కుని రైలెక్కడమే.

సింకు దగ్గరికి వెళ్ళి నిజంగానే చేతులు కడుక్కుంది. సబ్బుది కూడా చీము వాసనే.

*

మునిసిపల్ ఆఫీసు పైఅంతస్తులో సమావేశం. అన్ని కిటికీలూ తీసి ఉన్నాయి, ఎవరి పక్కనా ఎవరూ కూర్చోలేదు. కలెక్టరు నలభై ఏళ్ళ మనిషి, నిన్నటినుంచీ ఈ ఊళ్ళోనే ఉండటంతో ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది. ఇద్దరు డాక్టర్లు, డీఎస్పీ, నిర్గంధి తయారుచేసే కంపెనీ మనిషి ఒకడు.

జోగేశ్వరరావు కాగితం చూసి చదివాడు. ఫిట్టరు పోలయ్య పై అధికారుల అనుమతి లేకుండా, అజ్ఞానంతో, నిర్గంధిలో బ్లీచింగు కలిపాడు. దానివల్ల నీరు కలుషితమైంది. బ్లీచింగు ఆపించడమైనది.

కలెక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. అంటే వైరస్ కాదన్నమాట అన్నాడు. డాక్టర్లలో పెద్దాయన ఒప్పుకోలేదు. బ్లీచింగు ఊరూరా వేస్తారు, ఎక్కడా ఇలా జరగలేదు, రుజువు లేకుండా పిల్లల్ని తల్లుల దగ్గర ఉంచే బాధ్యత తాను తీసుకోనన్నాడు. కంపెనీ మనిషికి ఆ గొడవ పట్టలేదు. ఇది ఒక పనివాడి తప్పు కాబట్టి, వచ్చే వారం సముద్రతీరంలో ఏడు ఊళ్ళలో మొదలుపెట్టాల్సిన నిర్గంధి కార్యక్రమం అనుకున్నట్టే జరగొచ్చని సూచించాడు. శాస్త్రజ్ఞురాలు ఇక్కడే ఉన్నారు, ఆవిడ ఒక్క మాట చెబితే సరిపోతుందన్నాడు.

అందరూ సత్యవేణి వైపు తిరిగారు.

ఏడు ఊళ్ళు. అన్నీ ఉప్పునీళ్ళ ఊళ్ళే. అక్కడ మునిసిపాలిటీ వేయకపోయినా ఆడవాళ్ళు ఇంట్లో సంపుల్లో, ట్యాంకుల్లో బ్లీచింగు వేస్తారు. పురుగు పట్టకుండా వారానికో దోసెడు. ఆమె తల్లి కూడా వేస్తుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో పోలయ్యను పట్టుకుని మూతి పగలగొట్టాలి. నోరు తెరవబోతే ఉమ్మి ఊరింది. ఆ కుళ్ళును ఈసారి ఉమ్మకుండా మింగింది.

సంచిలో ఎప్పుడూ మోసే తన పాత నోటుపుస్తకం తెరిచి, గీత కొట్టిన పేజీ కలెక్టరు ముందు పెట్టింది. రెండేళ్ళ కిందట ఇదే పొరను చూశానని, అది తగిలిన మనిషి పదకొండు రోజులు ఇదే జబ్బు పడిందని, నీళ్ళు మారిస్తే చాలు, పిల్లల్ని తల్లుల దగ్గరే ఉంచవచ్చని చెప్పింది. పెద్ద డాక్టరు పేజీ తన వైపు లాక్కుని చదివాడు. తేదీ చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు.

"ఇది రెండేళ్ళ కిందటే తెలుసా మీకు?"

"తెలుసండి."

"కమిటీకి పంపిన నివేదికలో ఉందా ఇది?"

"నేనే తీసేశాను."

"సత్యా," అన్నాడు జోగేశ్వరరావు. అంత మెల్లగా అతను ఆమెను ఎప్పుడూ పిలవలేదు.

ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతుందని తెలుసు. బ్లీచింగు వేయవచ్చా అని ఇంజనీరుగారు తనను అడిగారని, వేయమని, రాయొద్దని చెప్పింది తనేనని, పోలయ్య చేతులు తప్ప అందులో పోలయ్యది ఏమీ లేదని చెప్పింది. ఇంత చెప్పేసరికి బల్లకు ఆ చివరన మినిట్స్ రాసుకుంటున్న గుమాస్తా పెన్ను ఆగింది. మొదట రాసిన పేరు కొట్టేయాలో వద్దో అతనికి తెలియలేదు. కలెక్టరును చూశాడు. ఆయన ఆమెను చూశాడు.

"మేడంగారండి," అన్నాడు గుమాస్తా ఇబ్బందిగా. "కారకులు అని ఒక గడి ఉందండి. ఇందులో ఎవరి పేరు రాయమంటారండి?"

కింద వీధిలో నీళ్ళ లారీ వచ్చి ఆగింది. బిందెల చప్పుడు మొదలైంది. సత్యవేణి గుమాస్తాకు స్పష్టంగా వినపడేట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా, పూర్తి పేరు చెప్పింది.

"బిళ్ళకుర్తి సత్యవేణి."